టీచరమ్మ వాటా

ఆ పొద్దున చిల్లకల్లు స్టేజీలో నందిగామ బస్సు ఆగినప్పుడు, ముందు తలుపు పక్క, టీచరమ్మ ఎప్పుడూ కూర్చునే సీటు ఖాళీగా కనబడింది. కండక్టరు టిక్కెట్ల పెట్టె చంకలో ఇరికించుకుని దిగి, ఫ్యాక్టరీ జీపు కోసం నిలబడ్డ మా గుంపులో నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

"మీ టీచరమ్మగారు తెల్లారగట్ట పోయారంటండి. బెజవాడ ఆసుపత్రిలోనే. నందిగామ తీసుకొస్తన్నారంట" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "ఆ సీట్లో ఇయ్యాల ఎవర్నీ కూర్చోనియ్యలేదండి" అన్నాడు.

జీపు హారన్ కొడుతూనే ఉంది. నేను ఎక్కలేదు. రోడ్డు దాటి, నందిగామ వైపు వెళ్ళే మొదటి లారీని ఆపాను.

ఆమె మా సిమెంటు ఫ్యాక్టరీలో కంప్యూటర్ గది ఇన్‌చార్జి. అంతకుముందు నందిగామ హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. ఫ్యాక్టరీకి కంప్యూటరు వస్తుందనగానే ఉద్యోగానికి అర్జీ పెట్టి, హైదరాబాదులో శిక్షణ పూర్తిచేసుకుని వచ్చారు. బడి మానేశారు గాని, టీచరమ్మ అన్న పిలుపు ఆమెను వదల్లేదు. నేను టైమాఫీసులో గుమాస్తాను. క్వారీలో రాయి తీసే బదిలీ కూలీల హాజరు ఎక్కించడం నా పని. బదిలీ కూలీ అంటే, రమ్మన్న రోజు రావాలి, వద్దన్న రోజు నోరెత్తకుండా ఇంటికి పోవాలి. మా బాబాయి ఆ కూలీల్లో ఒకడు.

కంప్యూటర్ గది చల్లగా ఉండేది. గుమ్మం ముందు తడి గోనెపట్టా ఒకటి పరిచి ఉంచేవారామె. ఎంత పెద్ద ఆఫీసరైనా చెప్పులు విడిచి, దాని మీద కాళ్ళు తుడుచుకుని లోపలికి రావాలి. "మీ హోదా బయట పెట్టక్కర్లేదు సార్, దుమ్ము పెడితే చాలు" అని నవ్వేవారు. గదిలో ఉన్నది ఒకే యంత్రం. అకౌంట్సు, స్టోర్సు, టైమాఫీసు, అందరి బల్లల మీదా టెర్మినళ్ళు ఉన్నా, ఎవరు ఏది కొట్టినా చివరికి చేరేది ఆ గదిలోని ఒక్క డిస్కులోకే. ఆ సంగతి మాకెవరికీ పట్టలేదు, అది నిండిపోయేదాకా.

నిండిన రోజు భలే రోజు. తెర మీద చోటు లేదని వచ్చింది. స్టోర్సు గుమాస్తా బ్రష్షూ, గుడ్డా పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "దుమ్ము పడి నిండుంటదండి టీచరమ్మా. సిమెంటు పోసే సైలోలు నిండితే మేమెట్లా చేస్తామో మీకు తెలవదు. మూత తియ్యండి, నేను దులుపుతా."

ఆమె కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వారు. "దుమ్మే నాయనా, కాదన్లా. కాకపోతే పైనుంచి పడ్డ దుమ్ము కాదు. మీరంతా రాసి వదిలేసిన దుమ్ము."

నవ్వు అక్కడితో ఆగింది. ఎందుకంటే ఆ నెల ఆఫీసు సిబ్బంది జీతాల పని ముందే అయిపోయింది. చోటు దొరక్క ఆగిపోయింది కూలీల హాజరు. అందరికన్నా చివర ఎక్కించేది నేను, అందుకని నాదే బయట మిగిలింది. క్వారీ గేటు దగ్గర జనం కూలి డబ్బుల కోసం మధ్యాహ్నమంతా ఎండలో కూర్చున్నారు.

ఆ మరుసటి వారమే ఆమె గీతలు గీశారు. గీత అన్నది ఆమె మాటే. ఒక్కో సెక్షనుకు మొత్తం మీద ఇంత చోటు, అందులో ఒక్కో మనిషికి ఇంత. రెంటికీ రెండేసి గీతలు. మొదటి గీత దాటితే యంత్రం హెచ్చరిస్తుంది, కానీ ఒప్పుకుంటుంది. కొన్నాళ్ళు గడువిస్తుంది. ఆ గడువులోగా పాతవి తీసేసి వెనక్కి రావాలి. రాకపోతే కొత్తగా ఏదీ పుచ్చుకోదు. రెండో గీత దగ్గర గడువూ లేదు, బతిమాలటమూ లేదు. ఒక్క అక్షరం కూడా దాటనివ్వదు.

నాకు ఒళ్ళు మండింది. అప్పటికి నేను బెజవాడ స్టేషను బయట అమ్మే చిన్న పుస్తకాలూ, చేతికి దొరికిన కరపత్రాలూ చదివి చదివి ఉన్నాను. "ఉమ్మడి సొత్తుకి గీతలేంటండీ? గీతలు గీసేది దొరలు. ఉన్నదంతా అందరిదీ అనుకుంటే సరిపోదా?" అని ఆమె బల్ల ముందు నిలబడి అరిచాను.

ఆమె కుర్చీ చూపించారు. నేను కూర్చోలేదు.

"మీ ఊళ్ళో మిరపకాయలు ఎక్కడ ఆరబోస్తారు?" అని అడిగారు.

"కల్లంలో."

"కల్లం ఉన్నోళ్ళు కల్లంలో. మా అమ్మా నాన్నా కూలికి పోయేవాళ్ళు. కోతల్లో కూలి కింద ఇచ్చిన కాయలు ఉమ్మడి కల్లంలో ఓ మూల పోసుకోమనేవాళ్ళు. అందరిదీ గదా, ఎవరూ గీత గియ్యలా. పొద్దున్నే వెళ్ళి పోసుకునేవాళ్ళం. మధ్యాహ్నానికి పెద్ద రైతుల బళ్ళు వచ్చేవి. వాళ్ళేం దుర్మార్గులు కాదు, ఎవరూ మమ్మల్ని పొమ్మన్లేదు. వాళ్ళ కాయలు పరుచుకుంటా పరుచుకుంటా వస్తే, మావి జరుగుతా జరుగుతా పోయి సాయంత్రానికి రోడ్డు మీదుండేయి. లారీలు తొక్కినయ్యి ఏరుకుని ఇంటికి తెచ్చుకునేవాళ్ళం." ఆమె చేతులు టెర్మినల్ మీద ఆగి ఉన్నాయి. "గీత లేని కల్లంలో ముందు రోడ్డెక్కేవి మా కాయలే అబ్బాయ్. నువ్వు చదివే పుస్తకాల్లో అది రాశారా?"

రాయలేదు. రాసి ఉంటే నాకు దొరకలేదు.

ఆమె డబ్బాలో ఎప్పుడూ ఊరమిరపకాయలు ఉండేవి. మధ్యాహ్నం అన్నాల వేళ అందరికీ ఒక్కొక్కటి వేసేవారు. రెండోది కావాలంటే, "తినేవాళ్ళందరినీ అడుగు, వద్దన్నోళ్ళది తీసుకో" అనేవారు. అన్నింటికీ అదే పద్ధతి. నెలలో ఆఖరి శనివారం అన్ని సెక్షన్లవాళ్ళూ ఆ గదికి రావాలి. ఎవరి టెర్మినల్ ముందు వాళ్ళు కాకుండా, అందరూ ఒకేచోట కూర్చుని, ఎవరి వాటాలో పనికిరానివి వాళ్ళే తీసేయాలి. మేము దాన్ని ఊడ్పు రోజు అనేవాళ్ళం. ఎవరి గీతైనా జరపాలంటే ఆ రోజే, అందరి ముందూ అడిగి జరపాలి. వేరేవాళ్ళు రాసిన దాన్ని చెరిపే అధికారం ఇన్‌చార్జిగా ఆమెకు ఉంది. కానీ ఒక్కనాడూ చెరపలేదు. "రాసినవాళ్ళే తీసెయ్యాలి" అనేవారు. ఆ మాట ఎన్నిసార్లు విన్నామో.

ఆ ఏడు మార్చి రాబోతుండగా లేబరాఫీసరు ఓ కబురు చెప్పాడు. తెరపి లేకుండా పని చేసినట్టు హాజరు ఉన్న బదిలీ కూలీలను పర్మనెంటు చేస్తారట. కంప్యూటరు వచ్చాక హాజరు పుస్తకాలు ఎత్తేశారు. పాత హాజరంతా ఆ డిస్కులోనే ఉంది. టేపుకి ఎక్కించి దాచే యంత్రం చెడిపోయి, బాగుచేసే మనిషి మద్రాసు నుంచి రావాలి. అచ్చు తీసి దాచుకుందామంటే, లేబరాఫీసరు ఎదురుగా తీసింది తప్ప వేరే కాగితం చెల్లదన్నారు. అంటే అది డిస్కులో ఉన్నంతసేపే మా బాబాయి పని చేసినట్టు. చెరిగిపోతే అతను ఆ క్వారీలో అడుగే పెట్టనట్టు.

సరిగ్గా అప్పుడే టైమాఫీసు వాటా మొదటి గీత దాటింది. గడువు నడుస్తోంది. వెనక్కి రావాలంటే ఆ పాత హాజరే చెరపాల్సొస్తుందనుకున్నాను. నేను పొద్దున్నే ఆమె దగ్గరికి వెళ్ళాను.

"కొంచెం జరపండి టీచర్‌గారూ. నూరుమంది బతుకులు."

"శనివారం అందరి ముందూ అడుగు."

"అకౌంట్సు వాళ్ళు ఒప్పుకుంటారా? ఇప్పుడే మీ చేత్తో జరపండి. ఎవరికి తెలుస్తది?"

"నాకు తెలుస్తది గదా."

ఇక నేను ఆగలేదు. మీరూ దొరల మనిషేనన్నాను. రోడ్డు మీద కాయలేరుకున్న రోజులు చల్లగదిలో మర్చిపోయారన్నాను. ప్రింటర్ దగ్గరున్న కుర్రాళ్ళు తలలు దించుకున్నారు. ఆమె మాత్రం నేను ఊపిరి తీసుకునేదాకా ఆగారు.

"తిట్టటం అయిందా? కూర్చో. నీ వాటాలో ఏముందో చూద్దాం."

చూశాం. ఒకే నెల హాజరు భయం కొద్దీ రెండుమూడు చోట్ల దాచి ఉంచాను. అవి తీసేశాను. ఆ తర్వాత ఓ పొడుగాటిది తెరిచారు. శ్రామికులారా అని మొదలవుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, విరామ సమయాల్లో నేను కొట్టుకున్న కరపత్రం. ఆమె కళ్ళజోడు సర్దుకుని మొత్తం చదివారు.

"ఇది ఏ కూలీ హాజరు నాయనా?"

నేను కీబోర్డు దగ్గరికి జరిగాను.

"బాగా రాశావు. రెండో పేరా మరీ బాగుంది. కాగితం మీద రాసుకో. ఇది కూలీల జాగా."

నేనే చెరిపాను. మొదటి గీత కిందికి వచ్చేశాం. అయినా కోపం పోలేదు నాకు, అది వేరే సంగతి. గదిలోంచి విసురుగా వెళ్ళి, చెప్పులు తొడుక్కుంటూ ఉండగానే అకౌంట్స్ ఆఫీసరుగారు ఎదురొచ్చారు. గోనెపట్టా మీద కాళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయారు. సంవత్సరాంతపు లెక్కలు. ఆయన సెక్షను రెండో గీతకు తగిలి నిలిచిపోయింది.

"ఏమ్మా, ఒక్క అక్షరం పుచ్చుకోవట్లేదేంటి? ఆ బదిలీ వాళ్ళ పాత హాజరు ఎవరిక్కావాలి? తీసేసి ఆ చోటు మాకివ్వు."

గుమ్మం బయట నా కాలు చెప్పులో సగం దూరి అట్లాగే ఆగిపోయింది.

"రాసినవాళ్ళే తీసెయ్యాలండి" అన్నారామె.

"అయితే మా గీత జరుపు. నువ్వు గీసిందేగా?"

"ఆ గుమ్మం దగ్గరున్న అబ్బాయిని చూశారా సార్? ఇప్పటిదాకా గీత జరపమని నా మీద అరిచి పోతన్నాడు. నూరుమంది బతుకులన్నాడు. అబద్ధం కాదు. అట్లాంటి వాడికే జరపలేదండి. మీకెట్లా జరపమంటారు?"

ఆయన తిరిగి నా వంక చూశారు. నా మొహం ఎట్లా ఉందో నాకు తెలియదు. ఆయన మళ్ళీ ఆమె వైపు తిరిగారు.

"జనరల్ మేనేజరుగారితో చెప్పాల్సొస్తది."

"చెప్పండి సార్. ఆయనకీ గీతుంది." ఆమె లేచి తన కుర్చీ ఆయనకిచ్చారు. "కూర్చోండి. మీ వాటాలో ఏముందో చూద్దాం."

ఒకే బ్యాలెన్సు షీటు ఎన్ని పేర్లతో ఉందో! ఫైనల్, కొత్త ఫైనల్, అసలు ఫైనల్. స్టోర్సు గుమాస్తా వెనకనుంచి తొంగి చూసి, "బ్రష్షు తెమ్మంటారా సార్?" అన్నాడు. ఆఫీసరుగారు కూడా నవ్వేశారు. ఆయనవి ఆయనే చెరుపుకున్నారు. లెక్కలు పూర్తయ్యాయి. కూలీల హాజరు ఒక్క అక్షరం చెక్కుచెదరలేదు.

పొద్దున నా కోసం గీత జరిపి ఉంటే, ఆమె చేతిలో ఇంకేం మిగిలేది? ఆ ప్రశ్న నాకు ఇంటికి వెళ్ళే జీపులో వచ్చింది. ఇప్పటికీ వస్తూనే ఉంటుంది. బతుకంతా దొరలమీద కోపంతో గీతలు చెరపాలనుకున్నవాణ్ణి. బీదవాడి పక్షాన కూడా గీత గియ్యొచ్చని, గీసినాక తన వాళ్ళకి సైతం జరపకపోతేనే అది నిలబడుతుందని ఆమె దగ్గరే చూశాను.

లేబరాఫీసరు ఎదుట ప్రింటరు గరగరమని అచ్చు వేసినప్పుడు మా బాబాయి పేరు వచ్చింది. బాబాయి ఆదివారం నందిగామ వెళ్ళి, చర్చి బయట ఆమె కోసం నిలబడ్డాడు. చేతులు జోడించి ఏదో చెప్పబోతే ఆమె ఆపేశారట.

"నేనేమీ చెయ్యలేదయ్యా. చెయ్యకుండా ఉన్నానంతే."

ఆసుపత్రిలో చివరిసారి చూసినప్పుడు ఆమె చెయ్యి పుల్లలా ఉంది. "కోపం తగ్గిందా?" అన్నారు. "లేదండి" అన్నాను. "తగ్గించుకోమాక. కొంచెం గడువు పెట్టుకో దానికి" అన్నారు.

నందిగామలో సమాధుల తోటకు క్వారీ జనం షిఫ్టు దిగి నేరుగా వచ్చారు. తలల మీద తెల్లటి దుమ్ము అట్లాగే ఉంది. మా బాబాయి గేటు దగ్గర ఆగి, ఏదో వెతుకుతున్నట్టు కిందికి చూసి, గడ్డిలో కాళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళాడు. వెనక వచ్చిన వాళ్ళందరూ అట్లాగే తుడుచుకున్నారు.

మొన్న ఊడ్పు రోజు కొత్త ఇన్‌చార్జి, బెజవాడ కుర్రాడు, అందరి వాటాలూ తెర మీద వరసగా చూపించాడు. ఎవరి గీత ఎంత, ఎవరు ఎంత వాడారు. జనరల్ మేనేజరు, ఆఫీసర్లు, గుమాస్తాలు అయ్యాక అట్టడుగున ఆమె పేరు. అందరికన్నా చిన్న గీత ఆమెదే. అందులోనూ వాడింది దాదాపు ఏమీ లేదు.

"ఈ మేడమ్ లేరుగా. తీసేద్దామా సార్?" అన్నాడు కుర్రాడు, తప్పుగా కాదు, తెలియక.

అకౌంట్స్ ఆఫీసరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "రాసినవాళ్ళే తీసెయ్యాలి బాబూ. ఇక్కడ పద్ధతి అది" అన్నారు.

కనుక అది అట్లాగే ఉంది. మేమంతా ఎవరి రాసులు వాళ్ళం పోసుకుని, అంచుల దాకా పరుచుకుని కూర్చున్న ఆ కల్లంలో, ఓ మూల, శుభ్రంగా ఊడ్చిన చాపంత చోటు. దాని మీద ఎవరి కాయా పడదు.