పనికి పోయిన మొక్క

ఆ రోజుల్లో ఉద్యోగం దొరకడం ఒక ఎత్తయితే, దొరికింది నిలవడం ఇంకో ఎత్తు. బంగారు గనులు సర్కారు చేతికి వచ్చి అప్పటికే చాలా ఏళ్ళు. కోరమండల్ అనే గని పేట దగ్గర ఒక బడిలో నేను సైన్సు టీచరుగా చేరాను, అదీ తాత్కాలికంగా. సోమవారం ఇన్‌స్పెక్టరు వస్తాడు, నా పాఠం వింటాడు, మంచి మాట రాస్తే ఉద్యోగం ఖాయం. లేకపోతే మారికుప్పంలో రైలెక్కి ఇంటికి పోవడమే. మకాం మా మేనత్త ఇంట్లో. మామ గనిలో పని చేసేవాడు. భూమి లోపలికి దిగే మనిషి ఖాళీ కడుపుతో గడప దాటకూడదన్నది ఆ ఇంటి చట్టం. ఏ షిఫ్టయినా సరే, పనికి పోయేవాళ్ళకు ముందు పెట్టాకే మిగతావాళ్ళకు సంగటి.

పాఠం పురుగులను తినే మొక్కల గురించి. బొమ్మ గీసి చెప్తే ఎవరు నమ్ముతారు? (నిజానికి నాకే పూర్తిగా నమ్మకం లేదు.) బేతమంగళం చెరువు వెనక తడి ఇసుకలో ఆ మొక్కలు ఉంటాయని తోటి టీచరు చెబితే, బస్సెక్కి వెళ్ళి ఒకటి తవ్వి చిన్న కుండీలో పెట్టి తెచ్చుకున్నాను. డ్రాసెరా అంటారు. రూపాయి బిళ్ళంత ఉంటుంది. ఎర్రటి ఆకులు, ఆకు నిండా వెంట్రుకలు, ప్రతి వెంట్రుక కొసన ఒక జిగురు బొట్టు. తేనె అనుకుని పురుగు వాలుతుంది, అతుక్కుపోతుంది. వెంట్రుకలు వంగి దాన్ని అదిమి పట్టుకుంటాయి. ఆకు ఒక రసం కార్చి పురుగును కరిగించి తాగేస్తుంది, చివరికి పొట్టు మాత్రం మిగులుతుంది. ఇదంతా అత్తకు గొప్పగా వివరించి, రేపు ఇది బడిలో పని చేసి చూపించాలి అన్నాను. అత్త అంతా విని, "పాపం, ఎప్పుడు తినిండాదో ఏమో" అని మాత్రం అంది. ఆ రోజు ఆదివారం, ఇంట్లో మటను ఉడుకుతోంది. నేను పాఠం రాసుకోవడంలో పడిపోయాను.

మర్నాడు కుండీ మీద తడిగుడ్డ కప్పి అత్తే చేతికిచ్చింది. క్లాసులో ఇన్‌స్పెక్టరు వెనక బెంచీలో కూర్చున్నాడు. నేను అగ్గిపెట్టెలో చీమను కూడా తెచ్చాను. గుడ్డ తీశాను. గుప్పుమని వెల్లుల్లి వాసన. ఆకులన్నీ ముడుచుకుని ఉన్నాయి, సందుల్లోంచి పసుపురంగు పీచులు. ఏం చేయాలో తోచక చీమను వదిలాను. అది ముడుచుకున్న ఆకుల మీదుగా నింపాదిగా నడిచి, బల్ల దిగి, ఇన్‌స్పెక్టరు బూటు వైపు వెళ్ళిపోయింది.

ఆయన లేచి వచ్చి కుండీలోకి వంగి, ఇది ఏ జాతి పురుగమ్మా అని అడిగాడు. ముందు బెంచీ అమ్మాయి వాసన చూసి, "మటన్ సార్" అంది.

అబద్ధం ఆడదామనే అనుకున్నాను. ఏ అబద్ధమూ దొరకలేదు. "మా అత్త పెట్టినట్టుంది సార్" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు, ఒక ఆకు విప్పి చూపించమన్నాడు. గుండుసూదితో విప్పాను. వెంట్రుకలన్నీ పీచును పట్టుకునే ఉన్నాయి. పీచు అంచులు మెత్తబడి, కరిగి, మెరుస్తున్నాయి. చీమయితే ఇంత బాగా కనిపించేది కాదు. నాకు మాట వచ్చేసింది. గని మట్టి పోసిన మన సైనైడు దిబ్బల్లాగే దీని నేలలోనూ సారం లేదు, అందుకే తిండిని ఆకులతో పట్టుకుంటుంది, దీనికి ఆకే కడుపు అని గడగడా చెప్పాను. పిల్లలు బెంచీ తర్వాత బెంచీ వచ్చి చూశారు.

సాయంత్రం ఇంటికి వెళ్ళి అత్తను గట్టిగానే అడిగాను. "పనికి పొయ్యేదాన్ని ఖాలీ కడుపుతో యాడ పంపేది? గోటితో గిల్లి గిల్లి పెట్టినాను. ఎంత ముద్దుగా పట్టుకునిందో" అంది.

నాలుగు రోజులకు మొక్క నల్లబడి కుళ్ళింది. ఉప్పుకూ కారానికీ తట్టుకోలేదు. అత్త కళ్ళనీళ్ళు పెట్టుకుని, "మొదటి దినమే పని ఎక్కువ పెట్టేసినారు" అని మా బడిని తిట్టింది. నేను అవునన్నాను. కొన్నాళ్ళకు నా ఉద్యోగం ఖాయమైన కాగితం వచ్చింది. అందులో సగం ఆ మొక్కదేనని అత్త మా గని ఇళ్ళ లైనంతా చెప్పుకుంది. దాన్ని చంపింది తన చెయ్యేనని ఆమె పోయేదాకా నేను చెప్పలేదు. చెప్పనందుకు ఇప్పటికీ సంతోషమే.

మొన్న మా అమ్మాయి బెంగళూరు నుంచి అలాంటి మొక్కనే కుండీలో కొని తెచ్చింది. ఆదివారం కైమా కలుపుకుని తింటూ చూస్తే, కిటికీలో ఒంటరిగా ఉంది. పురుగంటూ రాని ఇల్లు మాది. నలభై ఏళ్ళు సైన్సు చెప్పిన మనిషిని, కంచం పట్టుకుని దాని దాకా వెళ్ళాను. గోటితో చిన్న ముక్క గిల్లాను కూడా. ఈ రోజు దానికి పనేమీ లేదు కదా అని నాకు నేనే చెప్పుకుని, ఆ ముక్క నేనే తిన్నాను.