బురద మాస్టారు దాచిన రెండేళ్ళు

చమురు బావి తవ్వేటప్పుడు గొట్టంలోంచి లోపలికి ఒక చిక్కటి బురద పంపుతారు. తవ్విన రాతిపొడిని పైకి మోసుకొచ్చేది అదే, బావి గోడ కూలకుండా కాసేదీ అదే. పల్చబడితే ఒక తంటా, చిక్కబడితే ఇంకో తంటా. జుట్టు నెరిసేదాకా ఆ బురదని కుదిర్చే పనే చేశాడు కాబట్టి ఆయన్ని అందరూ బురద మాస్టారు అనేవారు. పెద్దింజనీరు గారూ అని పిలిస్తే మాత్రం వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసేవాడు.

చమురు ధర పడిపోయి కంపెనీలు కొత్త ఇంజనీర్లని ఇంటికి పంపడం ఆయన చూడగా ఇది మూడోసారి. క్యాంటీన్ మూల బల్ల దగ్గర ఆయన టీ చల్లారేలోపు ఎవరో ఒకరు ఫైలు పట్టుకుని వచ్చి ఎదురుగా కూలబడేవారు.

"పొద్దున లేవగానే చమురు ధర చూస్తున్నావా?"

"చూస్తున్నాను మాస్టారూ."

"నువ్వు చూస్తే పెరుగుతుందా? మానెయ్. ఆ టైములో ఇద్దరికి ఫోన్ చెయ్యి. ఉద్యోగం అడక్కు, వాళ్ళ దగ్గర ఏం పని నడుస్తోందో అడుగు."

మొదటిసారి ధర పడ్డప్పుడు తాను తాగునీటి బోర్లు వేసే ముఠాతో తిరిగిన సంగతీ, రెండోసారి పింగాణీ కప్పుల ఫ్యాక్టరీలో రెండేళ్ళు మట్టి కలిపిన సంగతీ చేతులు తిప్పుతూ చెప్పేవాడు. వచ్చినవాళ్ళు లేచి వెళ్ళేటప్పుడు కాస్త తేలిగ్గా నడిచేవారు.

ఈసారి చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఇంటికి పంపినవాళ్ళలో ఆయన కూతురూ ఉంది. వేరే కంపెనీలో, తండ్రి చేసే పనిలోనే చేరి మూడేళ్ళు. చంకలో ఏడాది పిల్ల. ఖాళీగా కూర్చుని ఇది ఆరో నెల, ఇంకో ఆరు గడిస్తే పిలిచేవాళ్ళు కూడా పిలవరని మాస్టారి భయం. చివరికి ఒక రంగుల ఫ్యాక్టరీ వాళ్ళు గురువారం ఇంటర్వ్యూకి రమ్మన్నారు. కూతురు వెళ్ళనంది.

"నాలుగేళ్ళు చమురు చదువు చదివి గోడలకి రంగులు కలపనా నాన్నా? రెండుసార్లు ధరలు పడ్డాయి, నువ్వు కదిలావా?"

క్యాంటీన్‌లో అంతమందికి చెప్పిన సంగతులు ఇంట్లో కూతురికి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. బోర్ల ముఠా నాటికి కూతురు పుట్టలేదు. కప్పుల ఫ్యాక్టరీ నాటికి బడికెళ్ళే వయసు. పిల్ల బెంగ పడుతుందని, కంపెనీయే వేరే పని మీద అక్కడికి పంపిందని చెప్పాడు. ఆ మాటే ఇవాళ ఆమె కాళ్ళకి అడ్డం పడుతోంది.

మనవరాలి నోట్లో చెంచా పెడుతూ, ఆ పిల్లకే చెబుతున్నట్టు అన్నాడు. "మీ అమ్మ కడుగుతోంది చూడు, ఆ నీలం అంచు కప్పులు. వాటి మట్టి నేను కలిపిందే."

కూతురు కుళాయి కట్టేసింది. "నిన్ను అక్కడికి కంపెనీ పంపిందన్నావుగా?"

"పంపింది. ఇంటికి పంపింది. అక్కణ్ణుంచి నేనే వెళ్ళాను."

"అమ్మకి తెలుసా?"

"రోజూ స్కూటర్ మీద గేటు దగ్గర దింపింది మీ అమ్మే."

"ఇల్లంతా దొంగలే," అంది. కోపంగా అందామనుకుంది గాని మధ్యలో నవ్వొచ్చేసింది.

ఆ సందు చూసుకుని మాస్టారు ఆమె దరఖాస్తు కాగితం లాక్కుని చదివాడు. "ఇది బావి తవ్వే రిగ్గు మీద వాళ్ళకి తప్ప ఎవరికీ అర్థం కాదే అమ్మా. ఇదిగో, దీనికి చెప్పు. నేను రాసుకుంటా," అని మనవరాల్ని చూపించాడు.

కూతురు పిల్ల ముందు కూర్చుంది. "అమ్మ నీళ్ళలో పొడులు కలుపుతుంది. అవి అడుగుకి దిగకుండా చూస్తుంది. పంపు ఆగినా గట్టిపడకుండా..." అంటూ ఆగిపోయింది. "రంగుకీ ఇదే పని కదా నాన్నా," అని లేచి, ఇస్త్రీ పెట్టె ఎక్కడుందని అడిగింది.

గురువారం పిల్లనెత్తుకుని మాస్టారూ వెళ్ళాడు. అద్దాల గోడ అవతల కూతురూ మేనేజరమ్మా కనిపిస్తున్నారు, మాటలు మాత్రం వినబడవు. బురద పని చేసేవాళ్ళకి ఒక పాడు అలవాటుంది. చిక్కటిది ఏది కనిపించినా యంత్రాలకన్నా ముందు వేళ్ళు పెట్టి నలుపుతారు. మేనేజరమ్మ ఆకుపచ్చ రంగు బకెట్ మూత తీసిందో లేదో, కూతురు రెండు వేళ్ళు ముంచేసింది.

మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి మేనేజరమ్మ వేళ్ళూ ఆకుపచ్చగా ఉన్నాయి. ఇద్దరూ దేనిమీదో చేతులు తిప్పుతూ వాదించుకుంటున్నారు.

అరగంటకి కూతురు బయటికొచ్చింది.

"ఏమైందే?"

"పొడి సరిగ్గా నలగలేదు, ఇసుకలా తగులుతోంది అన్నాను. కాదు, పాత బకెట్, అంచున ఎండిన రంగు రాలి కలిసింది అన్నారు. ఆవిడదే నిజం నాన్నా."

"అయితే?"

"తప్పు చెప్పినా వేలు పెట్టి చెప్పినవాళ్ళు ఇంతవరకూ ఎవరూ రాలేదట. సోమవారం చేరమన్నారు. చేతికి తొడుగు వేసుకునేట్టయితేనే."

మాస్టారు ఏదో అనబోయేంతలో మనవరాలు తల్లి ఆకుపచ్చ వేళ్ళు దొరకబుచ్చుకుని నోట్లో పెట్టుకోబోయింది. ఇద్దరూ ఒక్క పెట్టున పిల్లని వెనక్కి లాగారు.