ఇంట్లో ఉండే యాసిడ్

మా పాప స్కూలు ప్రాజెక్టుకని నిమ్మరసం, చింతపండు పులుసు, సబ్బునీళ్లు గ్లాసుల్లో పోసి పసుపు పూసిన కాగితాలు ముంచుతోంది. సబ్బునీళ్లలో కాగితం ఎర్రబడగానే నాకు మన లాలాగూడ బడి గుర్తొచ్చి ఒళ్లు మండింది.

మన ఏడో తరగతి వాళ్లారా, మీకు గుర్తుందా? టీచర్ ఇవే గ్లాసులు బల్ల మీద పెట్టి, "ఇంట్ల ఉండే యాసిడ్ ఒకటి చెప్పు" అని నన్ను లేపింది. మా నాన్నది బ్యాటరీల షాపులో పని. "మా నాన్న అంగికి చిల్లులు చేసేది, టీచర్" అన్నాను. మీరంతా పగలబడి నవ్వారు. నేను మరిచిపోలేదు.

"ఇంట్లది చెప్పమంటే షాపుల సామాను చెప్తవేందే? గట్లనే నిలబడు!" అంది టీచర్.

ఆ యాసిడ్ రోజూ సాయంత్రం నాన్న వేళ్లకు అంటుకుని మా ఇంటికే వచ్చేది. అమ్మ ఆ వేళ్లను వంటసోడా నీళ్లతో కడిగేది.

పరీక్షలో మళ్లీ అదే ప్రశ్న వచ్చింది. బుద్ధిగా నిమ్మకాయ అని రాశాను. పూర్తి మార్కులు వేశారు. నాన్న ఆ పేపరును చిల్లుల అంగి జేబులో పెట్టుకెళ్లి షాపులో అందరికీ చూపించాడు.

"యాసిడ్ అంటే ఏందో నా బిడ్డకు మంచిగ తెల్సు."