కుళాయి దాకా నడవాలి

పండిన పనసకాయ వాసన దూరం నుంచి పిలుస్తుంది, దగ్గరికి వెళితే తల తిప్పేస్తుంది. ఇవాళ ఆమదాలవలసలో, శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద, ఎవరో గోనెసంచిలో ఒక కాయ పెట్టుకుని కూర్చున్నారు. ఆ వాసన తగిలినప్పటి నుంచి నా కాళ్ళు ఒకచోట నిలవడం లేదు. బెంచీ మీద కూర్చుంటాను, లేస్తాను, గడియారం చూస్తాను, పట్టాల మీదికి వంగి చూసి పోలీసు చేత ఒకసారి తిట్లు కూడా తిన్నాను. విశాఖపట్నం నుంచి నా మనవరాలు వచ్చే బండికి ఇంకా గంటన్నర ఉంది. "తాతా, పికప్‌కి ఎవరైనా ఇంత ముందొస్తారా? మేమింకా కొత్తవలస దాటలేదు" అని ఫోనులో నవ్వింది. దానికి పికప్ అంటే ఫోనులో ఒకచోట నొక్కితే ఆటో వచ్చి నిలబడడం. నాకు ఆ మాట ఇంత సులువుగా రాలేదు.

నాకు నేర్పినవారు సింహాచలం మేష్టారు. రైసు మిల్లు వెనక గోదాంలో ట్యుటోరియల్ నడిపేవారు. అక్కడ మూడు వందల మందిమి చదివేవాళ్ళమని నా కొడుకులకు చెప్పి పెంచాను. నిజానికి పదకొండు మందిమే. అందరమూ పదో తరగతి ఇంగ్లీషులో తప్పినవాళ్ళమే. నేను ఒక్కసారే తప్పానని చెప్పుకుంటాను, రెండుసార్లు తప్పాను. మేష్టారు సన్నగా, పొడుగ్గా ఉండేవారు. మాట్లాడుతున్నంతసేపూ సుద్దముక్కను వేళ్ళ మధ్య తిప్పుతూనే ఉండేవారు. మనకు ఎత్తడం వేరు, నేర్చుకోవడం వేరు, జబ్బునుంచి కోలుకోవడం వేరు కదా, ఇంగ్లీషులో ఇన్నిటికీ 'పిక్ అప్' అని ఒక్క మాటేమిటి మేష్టారూ, ఎలా గుర్తుంటాయి అని మేం మొత్తుకున్నాం. "రాసుకుంటే గుర్తుండవురా, చేస్తే ఉంటాయి" అన్నారాయన. అప్పటి నుంచి మా నోటు పుస్తకాల్లో మూడు గడుల పట్టిక వచ్చింది. మొదటి గడిలో అర్థం. రెండో గడిలో ఆ అర్థానికి సరిపోయేలా మేం చేసిన పని. మూడో గడిలో ఆ పని చూసినవారి సంతకం. సంతకం లేకపోతే ఆ అర్థం మాకు రానట్టే లెక్క.

ఆ వేసవి అంతా ఊరి మీద పడ్డాం. చిరిగిన బస్తాలోంచి ఒలికిన ధాన్యం గింజ మిగలకుండా ఎత్తి, మిల్లు కాపలాదారు సంతకం తెచ్చుకున్నాం. ఎవరూ నేర్పకుండా చెవితో పట్టుకోవడం ఇంకో అర్థం. స్టేషను బయట బరంపురం నుంచి వచ్చిన మిఠాయివాడి దగ్గర కూర్చుని పది ఒడియా మాటలు పట్టుకు రమ్మన్నారు. నేను నలభై తెచ్చాను. సరే, ఆరు. అందులో రెండు తిట్లు. మాలో ఒకడికి పచ్చకామెర్లు వస్తే, వాడు కోలుకునేదాకా వంతులవారీగా చెరకు రసం మోసి, వాళ్ళమ్మ చేత సంతకం పెట్టించుకున్నాం. వాడు మాత్రం, "నా వల్ల మీకందరికీ ఒక అర్థం వచ్చింది, నాకేటొచ్చింది?" అని ఏడ్చాడు. ఒక్క అర్థం దగ్గర మాత్రం అందరి గడీ ఖాళీగా ఉండేది. ఆగిపోయినదాన్ని ఆగినచోటి నుంచే మళ్ళీ అందుకోవడం. దానికి ఏం పని చేయాలని అడిగాను. మేష్టారి చేతిలో సుద్దముక్క ఆగింది. "నా పుస్తకంలో కూడా అది ఖాళీయేరా" అన్నారు. మాతోపాటు ఆయన కూడా పట్టిక గీసుకున్నారని అప్పుడే తెలిసింది.

ఎందుకు ఖాళీయో ఊళ్ళో అందరికీ తెలుసు. ఆయన వేరే కులానికి చెందిన కమలమ్మ గారిని, ప్రభుత్వాసుపత్రి నర్సును, ఇంట్లో చెప్పకుండా పెళ్ళి చేసుకున్నారు. బొబ్బిలి దగ్గర పల్లెలో ఉన్న వాళ్ళమ్మ పైడమ్మ గారు ఆరేళ్ళుగా కొడుకుతో మాట్లాడలేదు. ఆ మే నెలలో ఆవిడ ఎవరిచేతో ఉత్తరం రాయించారు. గురువారం మధ్యాహ్నం బండికి వస్తాను, ఒకసారి చూసి పోతాను అని. ఆ ఉత్తరం మేష్టారి జేబులో నాలుగు రోజులు నలిగింది. బుధవారం నన్ను పిలిచారు. బండి దిగిన మనిషిని ఎక్కించుకుని ఇంటికి తేవడమన్న గడి నాకింకా ఖాళీగా ఉంది. "నువ్వెళ్ళు అప్పలస్వామీ. నన్ను స్టేషన్లో చూస్తే మా అమ్మ అటునుంచి అటే తిరుగు బండి ఎక్కేస్తుంది. ముందు నా గుమ్మం ఎక్కనీ. చదువు రాని మనిషి, విజయనగరంలో బండి మారి వస్తోంది. చేతిలో పనసకాయ ఉంటుంది" అన్నారు.

ఈ ఘట్టాన్ని నేను యాభై ఏళ్ళుగా ఒకలా చెబుతున్నాను. ఆ రోజు బండి ఆగకుండా పోయిందనీ, నేను వెంట పరిగెత్తాననీ. అదేం లేదు. బండికి ముందే వెళ్ళాను, రిక్షా కూడా మాట్లాడాను. స్టేషను బయట టీకొట్టు దగ్గర స్నేహితులు కనిపించారు. పైడమ్మ గారిని నేను ఎంత మర్యాదగా దింపుతానో, పనసకాయ ఎలా అందుకుంటానో, ఇంగ్లీషులో ఏమంటానో వాళ్ళకు చేసి చూపిస్తూ ఉండగానే బండి వచ్చి వెళ్ళిపోయింది. లోపలికి వెళ్ళి గేటు దగ్గరే నిలబడి చూశాను. ఎవరూ కనబడలేదు. తిన్నగా మేష్టారింటికి వెళ్ళి, "పదకొండు పెట్టెలూ ఎతికినాను మేష్టారూ. మామ్మ దిగనేదు" అన్నాను. కమలమ్మ గారు కొత్త చాప పరిచి ఉంచారు. మేష్టారు ఆ చాప తనే చుట్టి మూలన నిలబెట్టారు.

మూడో రోజు స్టేషను దగ్గర కూలి గవరయ్య నన్ను పిలిచాడు. అతని గదిలోంచి పనసపండు వాసన గుప్పుమంటోంది.

"ఒరే, మీ మేష్టారి అమ్మంట. ఆ సివర కుళాయి కాడ సాయంత్రం దాకా కూకున్నాది. మా వోడొస్తే ఇయ్యి అనీసి ఈ కాయిచ్చి బండెక్కీసినాది. నాకు నడుం పట్టీసి రాలేకపోనాను. తీసుకెళ్ళు, ముగ్గిపోతన్నాది."

"ఏటైనా అన్నాదా?"

"నా కొడుక్కి నా మీద ఇంకా కోపం పోనేదు అన్నాది."

ఆ కాయను భుజాన వేసుకుని వెళ్ళి మేష్టారి కాళ్ళ మీద పడ్డానని చెప్పుకుంటాను. నిజానికి కాయను అరుగు మీద పెట్టి పారిపోయాను. కమలమ్మ గారు చూసి కేకేస్తే, వీధి మలుపు నుంచి వెనక్కి వచ్చాను. జరిగిందంతా గుమ్మం బయట నిలబడే చెప్పాను. మేష్టారు విని, "పదకొండు పెట్టెలు ఎతికినానన్నావు. ఒక్కటైనా సూసినావా?" అన్నారు. ఆయన నోట మా యాస వినడం అదే మొదటిసారి. లేదన్నాను. కొట్టి ఉంటే బాగుండేది. "రేపు పొద్దున్న బండికి తయారుగా ఉండు" అన్నారంతే.

మర్నాడు మేం ఆ పల్లెకి వెళ్ళేసరికి పైడమ్మ గారు వాకిట్లో ఈతచాపల మీద మామిడి తాండ్ర పోస్తున్నారు. మేష్టారు దడి దగ్గరే ఆగిపోయి నన్ను ముందుకు తోశారు. ఆవిడ తలెత్తలేదు.

"ఎవులివి?"

"నిన్ను తేవాల్సినోణ్ణి మామ్మా. టీకొట్టు కాడ కబుర్లు సెప్తా ఉండిపోనాను."

"ఏటా కబుర్లు?"

"నిన్నెలగ తెస్తానో, అయ్యే."

ఆవిడ చెయ్యి ఆగింది. "నాను లోపల ఎండలో కూకుంటే, నువ్వు బయటే నన్ను దింపీసి, ఇంటికి తీసుకెళ్ళిపోనావన్నమాట!" అన్నారు. తర్వాత కొడుకు వైపు చూడకుండానే, "నీకు సదువు సెప్పడానికి ఈడే దొరికినాడేట్రా?" అన్నారు. ఆరేళ్ళ తర్వాత ఆయనతో ఆవిడ అన్న మొదటి మాట అది.

"ఇప్పుడే పదమ్మా" అన్నారు మేష్టారు.

"ఇప్పుడు రాను. గురువారం అదే బండికొస్తాను. ఈ గుంటడే రావాల. నువ్వు నీ గుమ్మం కాడుండు."

తిరుగు బండిలో, మీరు కూడా స్టేషనుకు రండి మేష్టారూ, నా మీద నాకే నమ్మకం లేదు అన్నాను. "నాకూ లేదురా. అయినా నువ్వే వెళ్ళాల" అన్నారు.

ఆ గురువారం తెల్లవారకముందే వెళ్ళానని చెబుతాను గాని, తొమ్మిదింటికి వెళ్ళాను. మధ్యాహ్నం బండికి అదీ తక్కువేం కాదు. బండి గంట ఆలస్యం. ఎన్నిసార్లు నీళ్ళు తాగానో, టిక్కెట్ల గుమాస్తాను ఎన్నిసార్లు విసిగించానో చెప్పలేను. బండి వచ్చింది, జనం దిగారు, గేటు దాటి వెళ్ళిపోయారు. ఆవిడ లేరు. ఈసారి గేటు దగ్గర ఆగలేదు. ఒక్కో మనిషినీ చూసుకుంటూ ప్లాట్‌ఫారం కొస దాకా నడిచాను. కుళాయి దగ్గర, అదే చోట, మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"ఇంత దూరం నడిసి ఒచ్చినావేటి?" అన్నారు.

మేష్టారింటి గుమ్మంలో కమలమ్మ గారు చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడ్డారు. అత్తగారు ఆవిణ్ణి పైనుంచి కింది దాకా చూసి, "కాయ తిన్నారా?" అన్నారు. "తిన్నాం అత్తయ్యా. పిక్కలు దాచి ఇవాళ మీకు కూర వండాను" అన్నారు కమలమ్మ గారు. పైడమ్మ గారు కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళారు. భోజనాలయ్యాక నేను నోటు పుస్తకం తీసి, కలంలోంచి సిరా ఆవిడ బొటనవేలికి రాశాను. "ఆస్తి రాయించుకుంటన్నావేట్రా?" అంటూనే మూడో గడిలో వేలు నొక్కారు. అప్పుడు మేష్టారు లేచి వెళ్ళి తన పుస్తకం తెచ్చారు. ఖాళీ గడి ఉన్న పేజీ తెరిచి తల్లి ముందు పెట్టారు. "ఇదెందుకు?" అన్నారావిడ. ఆయన నా వైపు చూశారు. నేను చెప్పాను, ఏమీ కలపకుండా. "ఆగిపోయినకాడి నుంచి మళ్ళీ అందుకోడానికి మామ్మా."

ఆవిడ వేలు చూసుకున్నారు. "సిరా ఆరిపోనాది. మళ్ళీ రాయి" అన్నారు.

మూడోసారికి ఇంగ్లీషు గట్టెక్కాను. డెబ్బై మార్కులని చెబుతాను, ముప్ఫై ఆరు. ఆ పుస్తకం నా పెట్టెలో భద్రంగా ఉందని కూడా చెబుతాను. చెదలు తినేసి చాలా ఏళ్ళయింది. మేష్టారు పోయి కూడా చాలా ఏళ్ళయింది. నాకు మిగిలింది ఈ కుదురులేని కాళ్ళే. ఎవరినైనా తీసుకు రావాలంటే ముందు రోజు నుంచే అన్నం సయించదు. ఇంట్లో అందరూ నవ్వుతారు.

బండి వచ్చింది. మనవరాలు నా ముందు ఆగిన పెట్టెలోంచే దిగి, బ్యాగు నా చేతిలో పెట్టేసింది. "పద తాతా, దొరికేశాను కదా. అటెక్కడికి?"

"కొస దాకా చూసి వస్తాను, ఉండు."

"అక్కడెవరున్నారు?"

"ఎవరూ ఉండరు" అంటూనే కుళాయి వైపు నడిచాను.