ఎదురింటి కంపోజిటరు, కనిపించని మెనూ

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున్న నేను ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్ళే రైల్లో ఉన్నాను. భీమడోలు దాటాక ఫోను మోగింది. మా ఎదురింటి బాబాయిగారి కోడలు. "అక్కా, మావయ్యగారు వెళ్ళిపోయారక్కా. కాఫీ ఇద్దామని లేపితే లేవలేదు" అంది. నేను తరవాతి స్టేషన్లో దిగిపోయి, వెనక్కి వెళ్ళే బండి కోసం ప్లాట్‌ఫారం మీద గంటకు పైగా నిలబడ్డాను. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, ఎవరిచేతా చేయించుకోకుండా నిద్రలో పోయారు, అదృష్టవంతులు అని ఆ రోజు వచ్చినవాళ్ళంతా అన్నారు. నిజమే. అయినా నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఆదివారం సాయంత్రం మా గుమ్మంలో నిలబడి అరగంట కబుర్లు చెప్పిన మనిషి, ఒక్క మాటైనా చెప్పకుండా అలా ఎలా వెళ్ళిపోతారు?

ఆయన నాకు చుట్టం కాదు. ఏలూరులో ఒక అచ్చాఫీసులో జీవితమంతా కంపోజిటరుగా పనిచేశారు. సీసపు అక్షరాలను గళ్ళపెట్టెలోంచి ఒక్కొక్కటే ఏరి, వరసలుగా పేర్చి, ఇనుప చట్రంలో బిగించి పేజీ కట్టడం ఆయన పని. శుభలేఖలు, రైసుమిల్లుల బిల్లు పుస్తకాలు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు, అన్నీ ఆ చేతి మీదుగా వెళ్ళాయి. ఆ ప్రెస్సు మూతపడి చాలా ఏళ్ళయింది. కంప్యూటరు ఆయన ఎన్నడూ వాడలేదు. అలాంటి మనిషి నాకు వెబ్‌సైటు పని నేర్పారంటే మా కాలేజీలో ఎవరూ నమ్మరు. అందుకే ఇది రాస్తున్నాను.

ముప్పై తొమ్మిదో ఏట నాకు మొదటి ఉద్యోగం వచ్చింది. తాడేపల్లిగూడెంలో ఒక ఆడపిల్లల కాలేజీ ఆఫీసులో. అంతకుముందు వెబ్‌సైటు చూసే ఆవిడ పెళ్ళయి వెళ్ళిపోతే, "మీకు తెలుగు టైపింగ్ వచ్చు కదండీ, ఇది కూడా చూడండి" అని కరస్పాండెంటుగారు ఆ పని నాకు అప్పజెప్పారు. ఆరు నెలలు చూసి, బాగుంటే ఉంచుతామన్నారు. టైపింగుకీ వెబ్‌సైటుకీ ఉన్న దూరం ఆయనకు తెలియదు, నాకు అంతకన్నా తెలియదు.

రెండో వారంలోనే కొంప మునిగింది. వెబ్‌సైటుకు టెంప్లేటు అని ఒకటుంటుంది. పేజీ మొత్తం ఏ ఆకారంలో కనబడాలో అది చెబుతుంది. పాతది వెలవెలబోతోందని, తామరపూల బొమ్మ ఉన్న కొత్త టెంప్లేటు ఒకటి ఆదివారం ఇంట్లో కూర్చుని మార్చాను. మార్చగానే పేజీ పైన ఉండే మెనూ మాయమైంది. కోర్సులు, ఫీజులు, హాస్టలు, అన్నిటికీ దారి అదే. దాన్ని వెనక్కి తెద్దామని కనబడ్డ మీటలన్నీ నొక్కాను. ప్రిన్సిపాల్‌గారి సందేశం పేజీ అడుక్కి జారిపోయింది. నేను కళ్ళు తుడుచుకుంటుంటే మా ఆయన, "ఎదురింటి బాబాయిగారిని పిలవనా? ఆయన ఎన్ని పేజీలు కట్టారో" అని వేళాకోళమాడారు. నాకు ఒళ్ళు మండి నేనే వెళ్ళి నిజంగానే పిలుచుకొచ్చాను.

ఆయన వచ్చి ముందు పెరట్లోకి వెళ్ళి చేతులు కడుక్కున్నారు. ఏ పనికి కూర్చున్నా ముందొకసారి, లేచాక ఒకసారి చేతులు కడుక్కోవడం ఆయన అలవాటు. సీసం కడుపులోకి పోకూడదని ప్రెస్సులో పెద్దవాళ్ళు నేర్పారట. ప్రెస్సు పోయినా అలవాటు పోలేదు. తువ్వాలుతో తుడుచుకుని నా పక్కన కూర్చున్నారు.

"నాకీ కంప్యూటరు తెలీదమ్మా. అయినా పోయింది, పోయింది అంటున్నావు చూడు, ఎక్కడికీ పోదు. ముందు ఏం మార్చావు?"

"టెంప్లేటండి."

"దాని తరవాత?"

"గుర్తులేదండి. చాలా నొక్కాను."

"అదమ్మా తప్పు. ఒక్కటి మార్చు, ఒక ప్రూఫు తీసి చూడు. రెండు మార్చి ఒకసారి చూస్తే ఏది చెడగొట్టిందో బ్రహ్మదేవుడికి కూడా తెలీదు."

ఒక కాగితం తెప్పించి, నేను గుర్తు చేసుకోగలిగినవన్నీ వరసగా రాయించారు. ఒక్కొక్కటీ వెనక్కి తిప్పించారు. తిప్పిన ప్రతిసారీ పేజీ మళ్ళీ తెరిచి చూపించమన్నారు. మధ్యలో మా ఆయన టీ తెస్తే, పేజీ దిద్దడం అయ్యేదాకా తాగనన్నారు. చివరికి అర్థమైందేమిటంటే, పాత టెంప్లేటులో మెనూ కూర్చునే చోటుకు ఒక పేరు, కొత్తదానిలో అదే చోటుకు ఇంకో పేరు. మెనూ భద్రంగానే ఉంది, ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పలేదంతే. కొత్త పేరు ఎంచి నొక్కితే వచ్చేసింది. "మాకూ అంతేగా. చట్రం మారిస్తే లోపల దేన్ని ఎక్కడ పెట్టాలో మళ్ళీ చూసుకోవద్దూ?" అంటూ చల్లారిపోయిన టీ తాగారు. ఆ రోజు నుంచి ఆదివారాలు మా భోజనాల బల్ల ఆయన బడి అయిపోయింది.

ఆయనతో వేగడం తేలిక కాదు. తొందరపడితే కసురుకునేవారు. నాలుగు వరసల నోటీసు పెట్టినా కింద నుంచి పైకి ఒక్కో మాటా చదివించేవారు. "పైనుంచి చదివితే కథలో పడిపోతావు, అక్షరం కనపడదు" అనేవారు. ఆయనతో కూరల మార్కెట్‌కి వెళ్తే గంట పట్టేది. దారిలో ప్రతి కొట్టు బోర్డు ముందూ ఆగి, "ఏవండీ, మీ బోర్డులో ఒత్తు పోయిందండీ" అని చెప్పి కదిలేవారు. కొందరు నవ్వేవారు. కొందరు దిద్దించుకునేవారు.

ఇక అసలు సంగతి. ఆ వేసవిలో కొల్లేరు సరస్సు మధ్యనున్న లంక గ్రామాల ఆడపిల్లలకు మా కాలేజీ హాస్టల్లో కొన్ని సీట్లు ఉచితంగా ఇస్తామన్నారు. దరఖాస్తు వెబ్‌సైటులోనే చేసుకోవాలి. నేను పేజీ తయారుచేసి, మెనూలో "హాస్టల్ దరఖాస్తు" అని పెట్టాను. రోజూ పొద్దున్నే ఆఫీసు కంప్యూటర్లో చూసుకునేదాన్ని. చక్కగా కనబడేది. పదిహేను రోజులైనా లంకల నుంచి ఒక్క దరఖాస్తూ రాలేదు. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, చేపల చెరువుల పనుల్లో ఉండేవాళ్ళు ఆడపిల్లల్ని అంత దూరం ఎందుకు పంపుతారులే అని నాకు నేనే ఒక తీర్మానం చేసేసుకున్నాను. శనివారంతో గడువు అయిపోయింది.

సోమవారం ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. లంక నుంచి ఆటో, బస్సు, రైలు మారి వచ్చారు. ఆయన కుర్చీలో కూర్చోకుండా నిలబడే మాట్లాడాడు.

"ఏవండీ, మా అమ్మాయి పది రోజుల్నించి వెతుకుతోందండి. హాస్టల్ కాయితం ఎక్కడుందో దొరకట్లేదండి."

"ఉందండీ, ఇదిగో" అని నా తెర తిప్పి చూపించాను. ఆ అమ్మాయి తన ఫోను నా ముందు పెట్టింది. అందులో లేదు. ఇంకో మనిషైతే అక్కడ ఆగి ఆలోచించేది. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. "మీ ఫోను పాతదైపోయిందండీ. అయినా గడువు దాటిపోయింది" అన్నాను. "మా టీచరుగారి ఫోన్లో కూడా చూశామండి" అని ఆ పిల్ల మెల్లిగా అంది. నేను తెరను మళ్ళీ నా వైపు తిప్పుకున్నాను. వాళ్ళిద్దరూ నాకు దణ్ణం పెట్టి మరీ వెళ్ళారు.

సాయంత్రం ఇంటికొచ్చాక ఆ దణ్ణం మనసులోంచి పోలేదు. బాబాయిగారి దగ్గరకు ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన అంతా విని ఒకటే అడిగారు.

"నువ్వు రోజూ ఎక్కణ్ణించి చూస్తున్నావు?"

"ఆఫీసు కంప్యూటర్లోనండి. లాగిన్ అయి."

"అంటే లోపల కూర్చుని. తాళంచెవి చేతిలో ఉన్నవాడికి తలుపు మూసుంటే ఏం తెలుస్తుందమ్మా? బయటికొచ్చి చూడు."

లాగౌట్ చేసి, ఊళ్ళో అందరూ చూసినట్టు పేజీ తెరిచాను. మెనూలో "హాస్టల్ దరఖాస్తు" లేదు. మెనూలో ఒక్కొక్క మాటకూ దాన్ని ఎవరు చూడవచ్చో చెప్పే చిన్న గడి ఒకటుంటుంది. "అందరూ" అని ఉండాల్సిన చోట నేను "లాగిన్ ఉన్నవారు" అని పెట్టాను. లాగిన్ ఉన్నది కాలేజీలో ఏడుగురికి. లంకల పిల్లల కోసం పెట్టిన దరఖాస్తును మా ఏడుగురికి మాత్రమే చూపించానన్నమాట.

దిద్దడం ఒక్క నొక్కు పని. దిద్దేశాను. తరవాత నా నోటి వెంట వచ్చిన మాట ఇది: "బాబాయిగారూ, ఇక ఎవరికీ తెలియదు కదండీ." గడువు ఎలాగూ దాటిపోయింది. బుధవారం ఆ సీట్లు ఊళ్ళోవాళ్ళకు ఇచ్చేస్తారు. నా ఆరు నెలలు ముగియడానికి ఇంకా మూడు వారాలే ఉన్నాయి. చెబితే ఉద్యోగం పోతుంది.

ఆయన నన్ను తిట్టలేదు. ఎప్పుడూ చెప్పని ఒక సంగతి చెప్పారు. ప్రెస్సులో చేరిన కొత్తలో ఒక పెద్దకర్మ కార్డు కట్టారు. తేదీలో ఒక అంకె తప్పు పడింది. ప్రూఫు చూడకుండా అచ్చేశారు. కొల్లేరు అవతల నుంచి పడవల మీద రావలసిన చుట్టాలు కర్మ అయిపోయిన మర్నాడు వచ్చారు. ప్రెస్సు యజమాని, వాళ్ళే తేదీ తప్పు రాసిచ్చారని అనేశాడు.

"నేను పక్కనే ఉన్నానమ్మా. రాసిచ్చిన కాయితం నా జేబులోనే ఉంది. నోరెత్తలేదు. తండ్రి పోయి దుఃఖంలో ఉన్న ఆ అబ్బాయి అంతమంది చుట్టాల ముందు తలొంచుకుని నిలబడ్డాడు. తప్పు దిద్దడం నాకు బాగానే వచ్చింది. నాదే తప్పని చెప్పడం మాత్రం రాలేదు. ఆ అబ్బాయీ పోయాడు, ఇప్పుడు ఎవరికి చెప్పుకోను?"

ఆయన కళ్ళలో నీళ్ళు చూడటం నాకు అదే మొదటిసారి, అదే చివరిసారి కూడా.

మర్నాడు కరస్పాండెంటుగారి గదిలోకి వెళ్ళి నిలబడ్డాను. మొత్తం చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి, "ఎవరైనా ఫిర్యాదు చేశారాండీ?" అన్నారు. లేదన్నాను. "మరి ఎందుకు చెబుతున్నారు?" అన్నారు. "సీట్లు రేపు ఇచ్చేస్తారు కదండీ, అందుకని" అన్నాను. ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, గడువు వారం రోజులు పెంచమన్నారు. పొరపాటు ఆఫీసుదేనని వెబ్‌సైటులో మొదటి వరసలోనే రాయమన్నారు. నా ఆరు నెలలు ఆ రోజు నుంచి మళ్ళీ మొదలని కూడా అన్నారు. నేను బతికిపోయానని దణ్ణం పెట్టి బయటకొచ్చాను.

ఆ వారమంతా లంకల్లోని స్కూళ్ళకు ఫోన్లు చేశాను. బాబాయిగారు రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని, నేను సందు మలుపు తిరగగానే "ఎన్ని?" అని అరిచేవారు. పదకొండు వచ్చాయి. అందులో ఆ అమ్మాయిదీ ఉంది, సీటూ వచ్చింది. ఆ మాట చెప్పిన రోజు ఆయన అరుగు మీంచి లేచారు. లోపలికి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చారు.

ఆ తరవాత రెండేళ్ళు గడిచాయి. నా ఉద్యోగం నిలబడింది. ఏదైనా చెడితే కంగారుపడకుండా కాగితం తీసుకోవడం నాకు అలవాటైంది. ఆయన చూపు మందగించినా ఆదివారాలు వచ్చేవారు. "చదువు, వింటాను" అనేవారు. నేను కింద నుంచి పైకి చదివేదాన్ని.

ఆయన పోయిన నాలుగో రోజు కాలేజీకి వెళ్ళాను. మధ్యాహ్నం ఆ లంక అమ్మాయి ఏదో సర్టిఫికెట్ కోసం వచ్చి, నా మొహం చూసి, "ఏమైందండీ మేడమ్?" అంది. రెండేళ్ళుగా రోజూ నా కళ్ళెదుట తిరుగుతున్న పిల్ల. నోటీసులో ఆఫీసు పొరపాటని రాశానే గానీ, ఆ రోజు నీ ఫోనును అన్నది తప్పమ్మా అని ఆమెతో ఎన్నడూ అనలేదు. కూర్చోబెట్టి అంతా చెప్పాను. కంపోజిటరు సంగతీ, కర్మ కార్డు సంగతీ, ఎవరికీ తెలియదు కదా అన్న నా మాటతో సహా చెప్పి, క్షమించమ్మా అన్నాను.

ఆమె తల వంచుకుని విని, "మా నాన్నగారు ఆ రోజే వెళ్తూ వెళ్తూ ఏలూరులో దిగి నాకు కొత్త ఫోను కొన్నారండి. అందులోనూ కనపడలేదండి. ఇంటికెళ్ళేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదండి" అంది.

తరవాత తనే, "ఆ తాతగారి ఫోటో ఉందాండీ మీ దగ్గర?" అని అడిగింది.

ఫోనంతా వెతికాను. అన్ని ఆదివారాలు పక్కన కూర్చున్న మనిషిది ఒక్క ఫోటో కూడా తీసుకోలేదు. ఆ సోమవారం సాయంత్రానిది మాత్రం ఒకటి దొరికింది. దిద్దే ముందు పేజీ ఎలా ఉన్నదో అలాగే ఒక కాపీ దాచుకోమని ఆయన అంటే, స్క్రీన్‌షాట్ తీయడం కూడా రాని నేను ల్యాప్‌టాప్ తెరను ఫోనుతో ఫోటో తీశాను. పేజీ పైన మెనూ వరస. ఆ వరసలో "హాస్టల్ దరఖాస్తు" ఉండాల్సిన చోట ఖాళీ. ఆ ఖాళీని చూపిస్తూ, తెరకు ఆనీ ఆనకుండా, ఒక ముసలి వేలు.

ఆ అమ్మాయి నా చేతిలోంచి ఫోను తీసుకుంది. బొమ్మను పెద్దది చేసి, ఆ వేలినే చూస్తూ కూర్చుంది.