ఆడగొంతు పాట

కల్లంలో మిరపకాయలు తిరగేసి, తాలుకాయలు ఏరి పక్కన పోసి, యలమంద అక్కడే ఒరిగిపోయాడు. గుండెపోటన్నారు. అప్పటికి వారంగా భార్య కోటేశ్వరి అతనితో మాట్లాడటం లేదు. ఎన్నికల కోసం ఓ పార్టీకి అతను పాడిన ర్యాప్ పేరడీయే కారణం. అందులో చీరకి ఓటమ్ముకునే గయ్యాళి పెళ్ళాం గొంతూ అతనిదే. అది అచ్చం కోటేశ్వరి గొంతేనని ఊరంతా నవ్వింది.

పెద్దకర్మ నాడు ప్రచారం ఆటో వాకిట్లోకే వచ్చింది. "చీరొక్కటేనా, జాకెట్టు ముక్కేదయ్యా!" అని పోయినవాడు మైకులో గయ్యిమన్నాడు. బంతిలో కూర్చున్నవాళ్ళు విస్తళ్ళలోకి తలొంచుకుని నవ్వారు.

కోటేశ్వరి ఆటోకి అడ్డం నిలబడింది. "ఆపరా వీరబాబూ! బతికుండగా నన్ను నవ్వులపాలు చేసింది చాలదా?"

ఆటో నడుపుతున్న వీరబాబే దగ్గరుండి ఆ పాట రికార్డు చేసినవాడు. అతను మైకు కట్టేసేలోపే పాటలో డప్పులు ఆగిపోయాయి. అదే ఆడగొంతు మెల్లగా పిలిచింది: "యలమందా, పొద్దుగూకింది, ఇంటికి రా నాయనా."

కోటేశ్వరి మైకు వైపు తిరిగింది. మొగుణ్ణి ఆమె ఏనాడూ పేరుపెట్టి పిలవలేదు.

"పాటలోది నీ గొంతు కాదు వదినా, వాళ్ళమ్మది," అన్నాడు వీరబాబు. "ఆమె పోయేనాటికి వాడికి పదేళ్ళు. మర్చిపోతానేమోనని రోజూ అలా పిలుచుకునేవాడట. రికార్డింగులోనూ పాట అవగానే అలాగే పిలిచి, ఆ మాటొక్కటి తీసెయ్యమన్నాడు. నేనే మర్చిపోయాను."