తాబేళ్లకు సల్లటి గూడు

నా పెళ్లికి అత్తగారింటి నుంచి ఒక మంచం, రెండు ఇత్తడి బిందెలు, రెండు తాబేళ్లు వచ్చాయి. మంచం, బిందెలు బండి దిగగానే లోపలికి పోయాయి. తాబేళ్ల దగ్గరికి వచ్చేసరికి మా అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

వాటిని తెచ్చుకున్నది నా భార్య. శామీర్‌పేట అవతల గుట్టల్లో వాళ్ల బాపు మేకలు కాసేవాడు. ఆమె చిన్నప్పుడు తుప్పల్లో దొరికితే గంపలో వేసుకొచ్చి ఇచ్చాడట. చెరువులో ఉండే రకం కాదు, మెట్ట తాబేళ్లు. నల్లటి డిప్పల మీద పచ్చటి గీతలు. పెద్దది రెండు చేతులతో ఎత్తవలసినంత ఉండేది, చిన్నది అరచేతిలో పట్టేది. పెద్దది ఆమె గొంతు వింటే మెడ చాపేది, నా గొంతు వింటే లోపలికి లాక్కునేది. దానికి మనుషులు బాగానే తెలుసు.

తాబేలు ఇంట్లో అడుగు పెడితే ఆ ఇంట్లో ఏ పనీ ముందుకు సాగదని మా అమ్మ పట్టు. ప్రతి ఆదివారం గుడికి పోయి ముందు వరుసలో కూర్చునే మనిషి, ఈ ఒక్క సంగతిలో పాస్టరుగారు నచ్చజెప్పినా వినలేదు. చివరికి తెగిన తీర్పేమిటంటే, అవి వాకిట్లో తిరగొచ్చు, గడప దాటకూడదు. పగలు గోడవారన గడ్డి కొరుక్కుంటూ తిరిగేవి. పొద్దు గూకగానే నా భార్య వాటిని గంప కింద బోర్లించి పైన రాయి పెట్టేది. కుక్కలు వాసన చూస్తూ వస్తాయని ఆమెకు సరిగా నిద్ర పట్టేది కాదు. బయటే ఉండేట్టయితే వాటికో గట్టి గూడు కట్టిపెట్టమని నన్ను ఎన్నిసార్లు అడిగిందో. రేపు, ఎల్లుండి అంటూ నేను ఏడాది గడిపాను.

మాది బొల్లారం కంటోన్మెంటు బంగళాలకు వట్టివేళ్ల తడికలు కట్టే పని. నాయిన చేతి నుంచి నాకు వచ్చింది. ఎండాకాలం తలుపులకూ కిటికీలకూ తడికలు బిగించి, పైన చిల్లుల డబ్బా వేలాడదీసి, నీళ్లు బొట్టుబొట్టుగా వేళ్ల మీద పడేట్టు చేస్తే, బయట నిప్పులు చెరుగుతున్నా లోపల హాయిగా ఉంటుంది. యుద్ధం రోజులు. యాప్రాల్ దాకా సిపాయిలుండే కొత్త బారకాసులు లేచాయి, పని మస్తుగా ఉండేది. బంగళాల వంటవాళ్లు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒక్కటే, సల్లగైందా అని. మేము చెప్పే జవాబూ ఒక్కటే, సల్లగైందని. ఆ మాట అనడానికే పుట్టినట్టు తిరిగేవాణ్ని.

ఏడో నెలలో ఆమెను కాన్పుకు తీసుకుపోవడానికి వాళ్ల అమ్మ బండి కట్టించుకుని వచ్చింది. బండి ఎక్కి కూర్చున్నాక నా భార్య గంప వైపు చూసింది.

"ఇగో, నీ చేతుల పెట్టి పోతున్న. నేనొచ్చేదాక అవి సల్లగుండాలె."

"సల్లగ చేసుట్ల ఈ బొల్లారంల నన్ను మించినోడున్నడా?" అన్నాను.

ఆమె నవ్వింది. నేను ఆట పట్టిస్తున్నాననుకుంది. బండి మలుపు తిరిగేదాకా నవ్వుతూనే ఉంది.

సల్లగుండు అనేది మా దిక్కు పెద్దలు నెత్తిన చెయ్యి పెట్టి అనే మాట. క్షేమంగా ఉండమని దాని అర్థం. పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. నాకు తెలియదంటే ఎవరు నమ్ముతారు? ఆమె అన్నప్పుడు నేనూ అలాగే విని ఉంటాను. కానీ పార చేతికి రాగానే నా పనితనం ముందుకొచ్చి ఆ మాటను తనకు కావలసినట్టు తిప్పుకుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఇంతకన్నా మంచి సంజాయిషీ నాకు దొరకలేదు.

ఆ గూటికి నాలుగు రోజులు పట్టింది. వేపచెట్టు నీడలో, రోజంతా ఎండ తగలని చోటు ఎంచుకున్నాను. మోకాలెత్తు రాతి గోడలు లేపి, జానెడు మందాన మట్టి మెత్తాను. పైకప్పుకు కిరసనాయిలు డబ్బాలు చీల్చి రేకులు పరిచి, అతుకులకు తారు పూసి, దాని మీద బోదగడ్డి కప్పాను. అడుగున, కుండల కింద పోసినట్టే, చెరువు ఇసుక పోసి తడిపాను. వాకిలికి చిన్న వట్టివేళ్ల తడిక. తడిక మీద చిల్లుల డబ్బా. ఎంత ముద్దుగా ఉండేదంటే, పక్క బస్తీ నుంచి వచ్చి చూసిపోయారు. ఒకాయన లోపల చెయ్యి పెట్టి, నన్నూ ఇందులో పడుకోనిస్తావా అని అడిగాడు. నేను వారం రోజులు నేల మీద నడవలేదు.

ఎండాకాలం బాగానే జరిగింది. రోజూ పొద్దున పనికి పోయే ముందు డబ్బా నింపేవాణ్ని, సాయంత్రం వచ్చి మళ్లీ నింపి తాబేళ్లను లోపలికి పంపేవాణ్ని. వానలు మొదలయ్యాయి. కప్పు ఎక్కడా కారలేదు. లోపల దీపం పెట్టి చూసుకుని మురిసిపోయాను. ఇసుక తడిగానే ఉంది, ఉండాలి కదా అనుకున్నాను. పై నుంచి చుక్క పడకుండా అంత జాగ్రత్త పడి, నీళ్లు నా చేత్తో నేనే లోపల పోశాను. డబ్బా నింపడం మాత్రం ఒక్క రోజు మానలేదు.

మొదట కనిపెట్టింది మా అమ్మే. వాటిని ముట్టుకోని మనిషి, వాకిలి ఊడుస్తూ దూరం నుంచే చూసింది.

"కొడుకా, ఆ పెద్దది నోరు తెరిశి ఊపిరి తీస్తాంది. ముక్కుల కెళ్లి నీళ్లు కారుతున్నయ్."

నీకు అవంటే గిట్టదు కాబట్టి అన్నీ అట్లానే కనబడతాయని కసురుకున్నాను. అమ్మ చీపురు పట్టుకుని అవతలికి పోయింది. ఆ మాట చెవిన పెట్టి ఉంటే సరిపోయేది. ఆ సాయంత్రం కూడా డబ్బా నింపాను.

కొడుకు పుట్టాడని కబురొస్తే శామీర్‌పేట పోయాను. పచ్చి బాలింత, ముఖం పాలిపోయి ఉంది. పిల్లవాణ్ని నా చేతికి ఇవ్వకముందే అడిగింది.

"అవి సల్లగున్నయా?"

"సల్లగున్నయ్," అన్నాను. ఎంత ధీమాగా అన్నానో! ఆమె కళ్లు మూసుకుని తల దిండుకు ఆనించింది. అప్పుడు ఇచ్చింది పిల్లవాణ్ని.

వంటింట్లో నాకు కాళ్లకు నీళ్లిచ్చి పీట వేశారు. పొయ్యి పక్కన గోడమూల ఒక పాత గోనెసంచి మడతపెట్టి ఉంది. దాని మీద కొద్దిగా బూడిద. కూర్చుంటూ దాన్ని జరపబోతే మా అత్త వద్దంది.

"ఉండనీ అల్లుడా. అవి గీడ్నే పండేటియి, పొయ్యి పక్కపొంటి, ఎచ్చగ. వానకాలమైతే నా బిడ్డ సంచిని ఎచ్చజేసి మరీ పరిచేది. తడి తాకితె బతకయట."

నా చేతిలో నీళ్ల చెంబు అలాగే ఉండిపోయింది. మా ఇంటి డబ్బా బొట్టుబొట్టుగా కారడం చెవుల్లో వినిపించింది. అప్పుడే లేవవలసింది. పనుంది, పోవాలి అని ఒక్క మాట చెప్పి నడక పట్టి ఉంటే సాయంత్రానికి బొల్లారంలో ఉండేవాణ్ని. కానీ పొయ్యి మీద మాంసం ఉడుకుతోంది. కొడుకు పుట్టిన అల్లుణ్ని చూడడానికి వరసైన వాళ్లంతా వస్తున్నారు. ఎందుకు పోతున్నావంటే ఏం చెప్పాలి? తాబేళ్లను నీళ్లలో నానబెట్టి వచ్చానని చెప్పాలా? సిగ్గేసింది. రెండు రోజుల్లో ఏమవుతుందిలే అనుకున్నాను. తెలియక ఇసుక తడిపిన పాపం ఒకటైతే, తెలిసి కూడా తింటూ కూర్చున్న పాపం ఇంకొకటి. మొదటిదానికి నన్ను నేను ఎలాగో క్షమించుకోగలను. రెండోదానికి మాత్రం నావల్ల కాదు.

మూడో రోజు వచ్చి తడిక లాగేసరికి పెద్దది గోడకు ఆనుకుని మెడ బయటికి చాచి ఉంది. నా గొంతు విని లోపలికి లాక్కోలేదు. చిన్నది దాని వెనక ముడుచుకుని ఉంది, ప్రాణం ఉంది. మా అమ్మ గడపలో నిలబడి చూస్తూ, "నేను ముట్టలేదు కొడుకా, ముడితే బతికేదేమో," అంది. ఆమెకూ కళ్లనీళ్లు వచ్చాయి. చిన్నదాన్ని తానే చీరకొంగులో చుట్టి, గడప దాటించి, పొయ్యి దగ్గర పెట్టుకుంది. ఇల్లు ముందుకు సాగదన్న మాట మళ్లీ ఆమె నోట రాలేదు.

పెద్దదాన్ని పెరట్లో పూడ్చాను. ఇసుకంతా తోడి పారేశాను. గూడు వాకిలి మూసేసి, వేపకొమ్మలు కొట్టి పొద్దుటెండ పడేట్టు చేసిన వైపు కొత్త వాకిలి తీసి చెక్క తలుపు పెట్టాను. అడుగున గులకరాళ్లు, దాని మీద వరి ఊక, పైన ఎండు గడ్డి. వారం రోజులు రోజూ కుంపటి పెట్టి గోడలు ఆరబెట్టాను. ఈ బుద్ధి ముందే ఉంటే ఏం పోయేది?

పిల్లవాడికి మూడో నెల రాగానే ఆమె వచ్చింది. బండి దిగి, బిడ్డను మా అమ్మ చేతికిచ్చి, తిన్నగా గూటి దగ్గరికే నడిచింది. చిన్నది మెడ చాపింది. పెద్దదేదని అడిగింది.

"తడిక సందుల కెళ్లి ఎల్లిపోయింది. గుట్టల దిక్కు పోయిందేమో, మస్తు దేవులాడిన," అన్నాను.

మా అమ్మ బిడ్డను ఎత్తుకుని లోపలికి పోయింది. నా భార్య వంగి గడ్డి కింద చెయ్యి పెట్టింది. గోడ అడుగున నీటి చార తెల్లగా బూజు పట్టి ఉంది, దాని మీద వేలు పెట్టి రాసింది. తర్వాత మూసేసిన వాకిలి పైన చూసింది. అక్కడ కొక్కేనికి చిల్లుల డబ్బా ఇంకా వేలాడుతోంది. అన్నీ తీసినవాణ్ని, దాన్ని తీయడం మరిచాను. ఆమె దాన్ని తీసి, చిల్లులను వేలితో తడిమి, గోడవారన బోర్లించింది. "అట్లనా," అంది. తిట్టి ఉంటే కాళ్లు పట్టుకునేవాణ్నేమో.

ఆ నెలలోనే పిల్లవాడికి బాప్తిస్మం. గుడి బయట మా అమ్మ మనవడి నెత్తి మీద చెయ్యి పెట్టి, సల్లగుండు బిడ్డా అని దీవించింది. నా భార్య చీరకొంగు తీసి బిడ్డ చెవుల మీదుగా కప్పింది. అప్పుడు నా వైపు చూసింది.

"ఎచ్చగుండు బిడ్డా," అంది.

ఇదేం దీవెన అని అందరూ నవ్వారు. ఆమె కూడా కొద్దిగా నవ్వింది. చెప్పడానికి అదే సమయం. నోటిదాకా వచ్చింది కూడా. నేను వచ్చినవాళ్లకు మంచినీళ్లు ఇచ్చే మిషతో అక్కడి నుంచి తప్పుకున్నాను.

ఆమె బతికున్నన్నాళ్లూ ఎవరినీ సల్లగుండమని దీవించలేదు. కొడుకు పెళ్లి మేలో జరిగింది. పందిట్లో జనం చెమటలు కక్కుతుంటే, కోడలి నెత్తిన చెయ్యి పెట్టి ఎచ్చగుండమంది. పందిరంతా గొల్లున నవ్వింది. నవ్వనివాణ్ని నేనొక్కణ్నే.